మామిడి గుజ్జు ఫ్యాక్టరీ: పర్యావరణం పేరుతో డబ్బు పెట్టాలంటే ముందు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్నని నేను అర్థం చేసుకున్నంతలో చెబుతాను. చిత్తూరు దగ్గర మీ కుటుంబానికి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. సీజన్‌కి ఆరు వేల టన్నుల కాయ ఆడుతుంది, ఎక్కువ తోతాపురి. గంటకి 3 టన్నుల ఆవిరి ఇచ్చే కట్టెల బాయిలర్, పాతకాలపు సింగిల్ ఎఫెక్ట్ ఎవాపొరేటర్ (గుజ్జులో నీళ్లని మరిగించి తీసేసే యంత్రం), అసెప్టిక్ ఫిల్లర్ (సూక్ష్మజీవులు చొరబడకుండా గుజ్జుని సంచుల్లో నింపే యంత్రం), ఫ్రియాన్ గ్యాస్ మీద నడిచే రెండు ఫ్రీజర్ గదులు. నెదర్లాండ్స్ కొనుగోలుదారు పర్యావరణానికి మీరేం చేస్తున్నారో లెక్కలతో పంపమన్నాడు. కోటిన్నర పెట్టగలరు. మీ మామగారు సోలార్ అంటున్నారు, మీకు ప్యాకింగ్ మార్చాలని ఉంది, ఒక కంపెనీ వాళ్లు వచ్చి ఏఐ డాష్‌బోర్డ్ చూపించి వెళ్లారు. ముందు ఏది?

ఈ మూడింట్లో ఏదీ ముందు కాదు. మొదటి డబ్బు బాయిలర్ చుట్టూ పెట్టండి, రెండోది ఫ్రీజర్ గదుల్లోని గ్యాస్ మీద పెట్టండి. సోలార్ మూడో నాలుగో వరసలో వస్తుంది, అదీ మీ ఫ్యాక్టరీ ఏడాదిలో ఎన్ని నెలలు తిరుగుతుందో తేలాక. ప్యాకింగ్ జోలికి ఇప్పుడు వెళ్లకండి. డాష్‌బోర్డ్ బదులు ఆరు మీటర్లు, ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి.

నేను ఇరవై ఆరేళ్లు పాల డెయిరీల్లో, గుజ్జు ఫ్యాక్టరీల్లో యుటిలిటీస్ చూశాను. అంటే బాయిలర్, చిల్లర్, కంప్రెసర్, నీళ్లు, ఇ.టి.పి (మురికినీళ్లు శుద్ధి చేసే ప్లాంటు). యజమానులు చూడటానికి పెద్దగా రాని వెనకవైపు షెడ్డు. ఫ్యాక్టరీ పర్యావరణానికి చేసే మేలూ కీడూ ఎక్కువ భాగం అక్కడే జరుగుతాయి, రోడ్డు మీంచి కనబడవు. కనబడవు కాబట్టే డబ్బు అక్కడికి చేరదు.

ముందు ఆవిరి సంగతి. మీ దగ్గర కరెంటు బిల్లు నెలనెలా కాగితం మీద వస్తుంది, అందుకని కళ్లకి కనిపిస్తుంది. కట్టె లారీల్లో వస్తుంది, తూకం చీటీలు డ్రాయర్లో పడి ఉంటాయి. కానీ గుజ్జు ఫ్యాక్టరీలో ఖర్చయ్యే శక్తిలో పెద్ద వాటా వేడిదే. ఒక టన్ను గుజ్జుని 30 డిగ్రీల నుంచి స్టెరిలైజ్ చేసే వేడికి తీసుకెళ్లడానికి సుమారు 70 వేల కిలోకేలరీలు చాలు. అదే టన్నుని 15 బ్రిక్స్ నుంచి 28 బ్రిక్స్‌కి (బ్రిక్స్ అంటే నూటికి ఎంత చక్కెర ఉందో చెప్పే అంకె) కాన్సంట్రేట్ చేయాలంటే, అంటే చిక్కబరచాలంటే, 460 కిలోల పైచిలుకు నీళ్లు ఎగరగొట్టాలి. నీరు ఆవిరవడానికి కిలోకి 540 కిలోకేలరీలు. అంటే రెండున్నర లక్షలు. స్టెరిలైజ్ చేయడానికి పట్టేదానికి మూడున్నర రెట్లు.

సింగిల్ ఎఫెక్ట్‌లో ఆ నీటిని తీయడానికి దాదాపు 500 కిలోల ఆవిరి పోతుంది. ట్రిపుల్ ఎఫెక్ట్‌లో మొదటి గదిలో లేచిన ఆవిరే రెండో గదిని మరిగిస్తుంది, అది మూడోదాన్ని. 180–190 కిలోలతో పని అయిపోతుంది. మీ గుజ్జు మూడు వేల టన్నులనుకుని, అందులో సగమే కాన్సంట్రేట్ చేస్తున్నారనుకున్నా సీజన్‌కి 480 టన్నుల ఆవిరి మిగులుతుంది. ఎండు కట్టె లెక్కన 130 నుంచి 160 టన్నులు. మీ కోటిన్నరలో పెద్ద ముక్క పెట్టదగిన వస్తువు ఏదైనా ఉందంటే ఇదే. ఎం.వి.ఆర్ అని ఇంకా గొప్పది చూపిస్తారు, ఆవిరిని కరెంటుతో నొక్కి మళ్లీ వాడే యంత్రం. మంచి యంత్రమే, ఏడాది పొడుగునా నడిచే డెయిరీ పౌడర్ ప్లాంటుకి. ఎనభై రోజుల సీజన్‌కి దండగ.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అసలు కాన్సంట్రేట్ ఎందుకు చేస్తున్నామో కొనుగోలుదారుని అడగండి. ఓడలో బరువు సగం తగ్గుతుంది, డ్రమ్ములు సగమవుతాయి, అది నిజమైన లాభం. కానీ దగ్గర్లోని జ్యూస్ కంపెనీకి అమ్మే సరుకుని కూడా అలవాటుగా 28కి ఎక్కించి, వాళ్లు దాన్ని మళ్లీ నీళ్లు కలిపి పలచన చేసుకోవడం నేను చూశాను. రెండు ఫ్యాక్టరీల మధ్య దూరం నలభై కిలోమీటర్లు.

ఎవాపొరేటర్ కొనేలోపు, దాదాపు ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు మూడు ఉన్నాయి.

కట్టెని ఎండబెట్టండి. నవ్వుకోకండి. అప్పుడే కొట్టిన కట్టెలో సగం నీళ్లే. కిలోకి 2,000 కిలోకేలరీల లోపే వస్తుంది. తేమ 20 శాతానికి దిగిన కట్టెలో 3,400 దాకా వస్తుంది. మే నెలలో కొన్న పచ్చి కట్టెని మేలోనే పొయ్యిలో వేస్తే మీరు బాయిలర్‌లో నీళ్లనీ కాస్తున్నారు, కట్టెలో నీళ్లనీ కాస్తున్నారు. పొగ దట్టంగా రావడానికి ఇదీ ఒక కారణమే. డిసెంబరులో కొని, రేకుల కప్పు కింద, పక్కల నుంచి గాలి ఆడేలా పేర్చండి. రేకుల షెడ్డు కూడా టెక్నాలజీయే. కట్టె ఎక్కడిదో కాగితం ఉంచుకోండి. సరుగుడు తోటదా, అడవిదా అని మీ డచ్చి ఆయన తప్పకుండా అడుగుతాడు. కట్టె కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని లెక్కల్లో విడిగా చూపిస్తారు, బొగ్గుతో కలపరు. ఆ వెసులుబాటుకి విలువ ఉండాలంటే కొట్టిన చెట్ల చోట మళ్లీ నాటుతున్నారని చూపాలి.

ఎండిన టెంకలు కూడా మంచి ఇంధనం. ముందు ఎవరైనా వాటిని లోపలి జీడి (గింజ) కోసం కొంటారేమో చూడండి. జీడిలో కొవ్వు ఉంటుంది, దాన్ని తీసేవాళ్లు ఉన్నారు. కొనేవాళ్లు లేకపోతే పొయ్యిలోకి.

కండెన్సేట్‌ని బాయిలర్‌కి తిప్పండి. స్టెరిలైజర్ దగ్గర ఆవిరి తన వేడి ఇచ్చేసి 80–90 డిగ్రీల నీళ్లయి బయటికొస్తుంది. చాలా ఫ్యాక్టరీల్లో అది పొగలు కక్కుతూ కాలువలోకి పోతుంది. బాయిలర్‌కి పోసే నీళ్ల వేడి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం ఒక శాతం తగ్గుతుందని లెక్క. 30 డిగ్రీల బోరు నీళ్ల బదులు 80 డిగ్రీల నీళ్లు పోస్తే 8 శాతం. పైగా అవి ఉప్పులేని నీళ్లు. మీ దగ్గరి బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, సాఫ్ట్‌నర్‌కి ఎన్ని బస్తాల ఉప్పు పోస్తున్నారో చూసుకోండి.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఫ్యాక్టరీలో ఉత్సాహంగా అన్ని కండెన్సేట్ లైన్లూ కలిపేసి ఒకే ట్యాంకుకి తిప్పించాను. స్టెరిలైజర్ ట్యూబు ఒకటి లోపల సూదిమొన అంత చిట్లింది. గుజ్జు ప్రెషర్ ఎక్కువ, ఆవిరి ప్రెషర్ తక్కువ, కాబట్టి గుజ్జే ఆవిరివైపు వచ్చింది. అర్ధరాత్రి షిఫ్టు ఆపరేటర్ ఫోన్ చేసి "సార్, గేజ్ గ్లాసులో నురగ కనిపిస్తోంది, నీటిమట్టం తెలియట్లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే బాయిలర్ గదంతా కాల్చిన బెల్లం వాసన. మామిడి చక్కెర బాయిలర్‌లో ఉడుకుతోంది. నీటిమట్టం కనబడని బాయిలర్ ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? మంట ఆర్పించాం, బాయిలర్ ఖాళీ చేసి కడిగాం, రెండు రోజుల ఉత్పత్తి పోయింది. యజమాని నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది. అప్పటి నుంచి ప్రతి రిటర్న్ లైనుకీ కండక్టివిటీ మీటరూ (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూపి, ఏదైనా కలిసిందేమో చెప్పేది), అంకె దాటితే నీళ్లని డ్రెయిన్‌కి మళ్లించే వాల్వూ లేకుండా ఒప్పుకోను. చక్కెర కండక్టివిటీని పెద్దగా పెంచదు కాబట్టి షిఫ్టుకొకసారి చేతి రిఫ్రాక్టోమీటర్‌తో బ్రిక్స్ కూడా చూడమంటాను. ఎవాపొరేటర్‌లో గుజ్జు నుంచి లేచిన ఆవిరి చల్లబడి వచ్చే నీళ్లు వేరు, అవి బాయిలర్‌కి అసలే వద్దు. పరీక్ష చేయించి కాయల మొదటి కడుగుకి వాడుకోండి.

పైపులకి లాగింగ్ (వేడి పోకుండా చుట్టే కప్పు) చేయించండి, ట్రాపులు (ఆవిరిని ఆపి నీళ్లని మాత్రమే వదిలే వాల్వులు) కారుతున్నాయేమో చూసుకోండి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. రాత్రిపూట లైనంతా నడుస్తూ చెవి పెట్టి వినండి. ఒక్క రాత్రిలో జాబితా తయారవుతుంది.

ఇక ఫ్రీజర్ గదులు. మీరు "ఫ్రియాన్" అని రాశారు. ఏ ఫ్రియాన్? కంప్రెసర్ మీద వివరాలు చెక్కిన రేకు చూడండి. మీ దగ్గర ఆర్-404ఏ అయి ఉండొచ్చని నా ఊహ. అయితే ఒక పని చేయండి. పోయిన ఏడాది సర్వీసు వాడి బిల్లులు తీసి, ఎన్ని కిలోల గ్యాస్ నింపాడో కూడండి. సీల్డ్ సిస్టమ్‌లో గ్యాస్ అయిపోదు. నింపారంటే అంతా గాల్లోకి పోయినట్టే.

ఆర్-404ఏ ఒక కిలో గాల్లోకి పోతే వాతావరణాన్ని వేడెక్కించడంలో 3,922 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇప్పుడు మీ మామగారి పక్కన కూర్చుని ఈ లెక్క వేయండి. 100 కిలోవాట్ల సోలార్ మన ఎండలకి ఏడాదికి లక్షా నలభై అయిదు వేల యూనిట్లు ఇస్తుంది. దాంతో తగ్గేది వంద టన్నులు. 26 కిలోల 404ఏ కారితే అదీ వంద టన్నులే. 26 కిలోలంటే రెండున్నర సిలిండర్లు కూడా కాదు. కప్పు మీద సోలార్ పెట్టి, కింద గ్యాస్ పైపు ఫ్లేర్ జాయింటు (మరతో బిగించిన అతుకు) కారనిస్తే ఆ సోలార్ చేసిందేమీ లేదు.

కాబట్టి ఈ సీజన్‌కి ముందే లీకులు పట్టించండి. నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్, ఫ్లేర్ జాయింట్లు తీసి బ్రేజింగ్ (లోహం కరిగించి అతకడం), గ్యాస్ రిజిస్టరు. కొత్త గదులు కట్టాల్సి వస్తే అప్పుడు 404ఏ కొనకండి. ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలీలో చేసిన సవరణని మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఈ జాతి గ్యాసుల వాడకం 2028లో ఒక మట్టం దగ్గర ఆగి, 2032 నుంచి మెట్లుమెట్లుగా తగ్గాలి. ఇవాళ కొన్న యంత్రం పదిహేనేళ్లు ఉంటుంది, గ్యాస్ దొరకడం అంతకుముందే కష్టమవుతుంది. ఒకవేళ మీది ఆర్-22 అయితే దాని గడువు ఇంకా దగ్గర. సర్వీసింగ్‌కి కొద్దిపాటి మినహాయింపు తప్ప 2030తో అది ముగుస్తుంది.

మరి అమోనియా? వాతావరణానికి దాని భారం సున్నా, కరెంటూ తక్కువ తింటుంది. డెయిరీల్లో నేను బతికిందంతా దాంతోనే. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి అమోనియాతో 55 డిగ్రీల నీళ్లు కాచుకుని క్యాన్లు కడిగేవాళ్లం, బాయిలర్ మీద ఆ మేరకు భారం తగ్గేది. కానీ అది విషవాయువు. మీ గోడ అవతల బడి ఉందా, ఇళ్లు ఉన్నాయా? సీజన్‌కి వచ్చి వెళ్లిపోయే ఆపరేటర్ల చేతిలో పెడతారా, ఏడాది పొడుగునా జీతమిచ్చి శిక్షణ ఇచ్చిన మనిషిని ఉంచుతారా? రెండోదానికి సిద్ధంగా లేకపోతే వద్దు. ఇలాంటి విషయంలో నేను ఊరివాళ్ల పక్షమే.

అంతకన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది. మీ దగ్గర అసెప్టిక్ ఫిల్లర్ ఉంది కదా, ఫ్రీజర్ దేనికి? అసెప్టిక్ డ్రమ్ములో 215 కిలోల గుజ్జు మామూలు గోడౌనులో ఏడాదికి పైగా చెడకుండా ఉంటుంది. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 దగ్గర, రోజుకి ఇరవై నాలుగు గంటలూ కరెంటు తింటూ ఉంటుంది, ఇక్కడా, కంటైనర్లోనూ, రోటర్‌డామ్‌లోనూ. ముక్కలకి ఫ్రీజింగ్ తప్పదు. గుజ్జుని కూడా ఫ్రీజ్ చేస్తుంటే, అడిగేది ఎంతమంది కొనుగోలుదారులో లెక్క చూడండి. ఒక గది మూసేయగలిగితే దానికి మించిన గ్రీన్ టెక్నాలజీ ఏ కేటలాగులోనూ లేదు.

సోలార్ దగ్గరికి వద్దాం. నాకు దాని మీద కోపమేమీ లేదు, మా ఇంటి మీద పెట్టుకున్నాను. మీ చిక్కల్లా సీజన్. ఎండ 365 రోజులు, మీ పని ఎనభై రోజులు. 100 కిలోవాట్ల కరెంటులో సీజన్‌లో మీరు వాడుకునేది 22 శాతం. మిగతాదాంట్లో ఫ్రీజర్ గదులు తినేది పోగా గ్రిడ్‌కి పోతుంది. దానికి డిస్కం ఏ రేటు ఇస్తుంది, నెట్ మీటరింగా (పంపిన యూనిట్లని మీ బిల్లులో తగ్గించడం), వేరే పద్ధతా, మీ లోడుకి పరిమితి ఎంత, ఇవన్నీ డిస్కం నుంచి కాగితం మీద తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ప్యానెళ్లు అమ్మేవాడి మాట చాలదు.

సోలార్ ఆవిరి గురించి కూడా అడిగారు, తిరుమలలో ఉంది కదా అని. తిరుమల అన్నప్రసాదం వంటశాలకి 2002లో వంద పైచిలుకు అద్దాల డిష్‌లు పెట్టి రోజుకి నాలుగు టన్నుల ఆవిరి తీసేలా కట్టారు. గొప్ప పని. కానీ అక్కడ భక్తులు రాని రోజంటూ దాదాపు లేదు. మీ 3 టన్నుల బాయిలర్ ఆ నాలుగు టన్నులని గంటా ఇరవై నిమిషాల్లో తీసేస్తుంది, మిగతా తొమ్మిది నెలలు చల్లగా పడుకుంటుంది. మీకు అది నప్పదు.

అందుకే నేనైతే సోలార్ కన్నా ముందు సీజన్‌ని పొడిగించే దారి చూస్తాను. మదనపల్లె టమాటా మీకు పక్కనే. ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసే రోజులు తరచూ చూస్తూనే ఉన్నాం. జామ, బొప్పాయి ఉన్నాయి. పల్పర్ జల్లెడలు మార్చుకుంటే మీ లైనులో చాలా భాగం వీటికి పనికొస్తుంది. ఫ్యాక్టరీ ఏడు నెలలు తిరిగితే సోలార్ లెక్కా మారుతుంది, ఎవాపొరేటర్ పెట్టుబడీ తొందరగా తిరిగొస్తుంది. అప్పుడు మీ మామగారి మాటే కరెక్టు అవుతుంది.

మోటార్ల గురించి రెండు ముక్కలు. కూలింగ్ టవర్ ఫ్యాన్లకీ, నీళ్ల పంపులకీ వి.ఎఫ్.డి (మోటారు వేగాన్ని అవసరం మేరకు మార్చే పరికరం) పెట్టండి. వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడుతుంది. గుజ్జు పంపులకి ఈ లెక్క వర్తించదు, అవి వేరే జాతి. కాలిన మోటారుని మూడోసారి రీవైండింగ్‌కి పంపే బదులు ఐ.ఇ.3 రకం (తక్కువ కరెంటు తినే) కొత్త మోటారు కొనండి.

తొక్కల సంగతి కాస్త జాగ్రత్త. మీకు వచ్చే కాయలో దాదాపు సగం తొక్క, టెంక, పీచుగా బయటికి పోతుంది. బయోగ్యాస్ ప్లాంటు పెడితే బాయిలర్‌కి గ్యాస్, రైతుకి ఎరువు అని ఎవరైనా చెబుతారు. ఒకచోట నేనూ చెప్పాను. పెద్ద డైజెస్టర్ కట్టారు. మొదటి సీజన్‌లో పర్వాలేదు. ఆగస్టులో తొక్క ఆగిపోయింది. తొమ్మిది నెలలు లోపలి సూక్ష్మజీవులకి తిండి లేదు. మళ్లీ మేలో ఒక్కసారిగా రోజుకి ఇరవై టన్నుల పుల్లటి తొక్క కుమ్మరించారు. వారంలో లోపలంతా పులిసిపోయి గ్యాస్ ఆగిపోయింది, వాసనకి ఊరంతా గేటు దగ్గరికొచ్చింది. చుట్టుపక్కల పేడ ఏడాదంతా దొరికే ఏర్పాటు ఉండి, తొక్కని కొద్దికొద్దిగా కలిపితేనే నడుస్తుంది. లేదంటే పాడి రైతులకి ఏ రోజు తొక్క ఆ రోజే ఇచ్చేయండి. పశువులు ఇష్టంగా తింటాయి, ఒక్కసారిగా ఎక్కువ పెట్టొద్దని మాత్రం చెప్పండి. లారీ కిరాయి మీరు పెట్టుకున్నా డైజెస్టర్ కన్నా చవక.

తొక్క కాలువలో పడకుండా చూడటం ఇంకా ముఖ్యం. నేల మీద పడిన గుజ్జుని గొట్టంతో ఇ.టి.పి లోకి తోసేస్తారు. ముందు రబ్బరు గీకుడుతో ఎత్తండి, తర్వాతే నీళ్లు. గొట్టం చీపురు కాదని గోడ మీద రాయించాను ఒకచోట. సి.ఐ.పి (యంత్రాల్ని విప్పకుండా లోపలే కడగడం) చివరి కడుగు నీళ్లని ట్యాంకులో పట్టి, తర్వాతి సి.ఐ.పి మొదటి కడుగుకి వాడండి. ఒక ట్యాంకు, ఒక పంపు, అంతే ఖర్చు.

ప్యాకింగ్ ఎందుకు వద్దన్నానంటే, అసెప్టిక్ సంచికి గాలి చొరకూడదు, అందుకే పొరల మీద పొరలు. కంపోస్టబుల్ సంచి ఆ పని చేయలేదు. చేసినా, అలాంటి వాటిలో చాలావాటికి మట్టిలో కలవాలంటే పెద్ద కంపోస్టు ప్లాంటు వేడి కావాలి, పెరట్లో కలవవు. ఒక్క డ్రమ్ము ఉబ్బితే 215 కిలోల గుజ్జు పోయినట్టు. దాని వెనక నాలుగు క్వింటాళ్ల పైన కాయ, దానికి పెట్టిన నీళ్లు, కట్టె, కూలీల కష్టం అన్నీ పోయినట్టు. చేయగలిగిందల్లా కొనుగోలుదారు ఒప్పుకుంటే టన్ను పట్టే బిన్నులకి (పెద్ద పెట్టెలకి) మారడం. రిటైల్ పౌచ్‌లు ఉంటే ఇ.పి.ఆర్ (వాడి పారేసిన ప్లాస్టిక్‌కి కంపెనీదే బాధ్యత అనే నిబంధన) రిజిస్ట్రేషన్ చూసుకోండి.

చివరికి ఆ ఆరు మీటర్లు: స్టీమ్ ఫ్లో మీటరు ఒకటి, బోరు నీళ్లకి ఒకటి, ఇ.టి.పి లోకి పోయే నీళ్లకి ఒకటి, ఫ్రీజర్లకీ కంప్రెసర్లకీ మిగతా లైనుకీ విడివిడిగా కరెంటు మీటర్లు మూడు. వాటి పక్కన కట్టె తూకం, గ్యాస్ రిజిస్టరు. రోజూ షిఫ్టు చివర రాసి, ఆ రోజు గుజ్జు టన్నులతో భాగించండి. ఒక సీజన్ రాశారంటే మీ డచ్చి ఆయన అడిగిన దాంట్లో ముప్పాతిక వంతు అందులోనే ఉంటుంది. ఏఐ వాళ్లని ఆ తర్వాత పిలవండి, చూపించడానికి అంకెలైనా ఉంటాయి.

ఒకటి మీరు రాయలేదు: మీ స్టెరిలైజర్ ట్యూబ్యులరా (గొట్టాలది), స్క్రేప్డ్ సర్ఫేసా (లోపలి గోడని బ్లేడ్లు గీకేది)? గుజ్జువైపు, ఆవిరివైపు ప్రెషర్లు ఎంతెంత? అది చెబితే కండెన్సేట్ లైను ఎక్కడ కలపాలో, ఎక్కడ కలపకూడదో బొమ్మ గీసి పెడతాను. ఆ అర్ధరాత్రి ఫోను మీకు రాకూడదు.